నేను తుడిచేసిన ఈల

రెండు వారాల కిందట మంగళవారం పొద్దున ఫిల్మ్‌నగర్‌లోని మా డబ్బింగ్ థియేటర్‌లో ఫోను మోగింది. అవతల ఉస్తాద్ పెద్దకూతురు. "సార్, నాయిన పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి కుర్చీల కూసున్నడు, గంతే. మల్ల లేవలే," అంది. ఆ ఇంట్లో అందరికీ గట్టిగా మాట్లాడటం అలవాటు. ఏడుపు ఆపుకుంటూ కూడా ఆ అమ్మాయి గట్టిగానే చెప్పింది. ఫోను పెట్టేశాను. అద్దం అవతల డబ్బింగ్ చెబుతున్న నటి సైగ చేసి, ఇంకో టేక్ ఉందా అని అడుగుతోంది. ఇవాళ్టికి చాలమ్మా అని చెప్పి యూసుఫ్‌గూడలో వాళ్లింటికి బయల్దేరాను.

సినిమా వాళ్లలో ఆయన అసలు పేరు ఎందరికి తెలుసో నాకు తెలియదు. అందరికీ ఆయన మెకానిక్ ఉస్తాద్. తెర మీద పరిగెత్తిన జీపులు, పెళ్లికొడుకును మోసుకొచ్చిన అంబాసిడర్లు, లోయలో పడబోయి ఆగిన వ్యాన్లు, వీటిలో చాలావాటిని పొద్దున్నే స్టార్ట్ చేసి షూటింగుకు పంపింది ఆయనే. టైటిల్స్‌లో ఆయన పేరు ఒక్కసారి కూడా పడలేదు. అడిగితే, "పేరు ఏస్తే బండి నడుస్తదా?" అని నవ్వేవారు.

నా పని సినిమాకు శబ్దాలు సమకూర్చడం. మాటలూ పాటలూ కాక మిగిలినవన్నీ నావే. తలుపు కిర్రుమనడం, గాజులు గలగలమనడం, వాన, గుర్రం, కారు. షూటింగులో మేం శబ్దం పట్టం. తెర మీద కారు వెళ్తుంటే వినిపించే చప్పుడు ఇంకో రోజు ఇంకో చోట పట్టింది, చాలాసార్లు ఇంకో కారుది. ఎనభైల చివర్లో మద్రాసు నుంచి సామాను సర్దుకుని హైదరాబాద్ వచ్చిన కొత్తల్లో, అలాంటి ఇంకో కారు కోసం వెతుకుతూ కృష్ణానగర్ సందుల్లోకి వెళ్తే ఆయన రేకుల షెడ్డు దొరికింది. పక్క గదుల్లో అద్దెకుండే జూనియర్ ఆర్టిస్టులు పోలీసు డ్రెస్సుల్లోనే వచ్చి ఆయన బెంచీ మీద టీ తాగుతున్నారు. రైడ్ జరుగుతోందనుకుని నేను వెనక్కి తిరగబోయాను. ఆ సంగతి తెలిశాక ఆయన నన్ను ఏళ్ల తరబడి ఏడిపించారు.

ఆ రోజు ఒక అంబాసిడర్ వెనకాల కూర్చుని సైలెన్సర్ దగ్గర మైకు పెట్టాను. ఆయన వచ్చి నడుం మీద చేతులేసుకుని చూశారు.

"టేపు సారూ, ఆడెందుకు పెట్టినవ్?"

"శబ్దం ఇక్కణ్నుంచే కదండీ వచ్చేది."

"ఇడిచేది అందరికీ ఇనబడ్తది. పీల్చుకునేది ఇను. బండి సంగతి ఊపిరి పీల్చుకునే కాడనే తెలుస్తది," అని మైకు తీసి బానెట్ ముందు పెట్టారు. అప్పటికి పదేళ్లుగా ఈ పని చేస్తున్నవాణ్ని, నాకు చెప్పొచ్చాడు అనుకున్నాను. తీరా టేపు విన్నాక మైకు మళ్లీ వెనక్కి పెట్టలేదు. కార్ల విషయంలో నాకు వచ్చిన పేరంతా ఆ మాట మీద నడిచిందే.

ఆయన చెవుల గురించి అప్పటికే కథలుండేవి. రోడ్డు మీద వెళ్తున్న లారీ చప్పుడు విని, దానికి ఏ వాల్వు పాడైందో షెడ్డులో కూర్చునే చెప్పారట. కర్ర పిడి ఉన్న పొడవాటి స్క్రూడ్రైవర్ ఒకటి ఆయన దగ్గర ఉండేది. దాని మొన ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవి వెనకాల ఎముకకు నొక్కిపెట్టి కళ్లు మూసుకునేవారు. కారు యజమానులు ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్లు. కళ్లు తెరిచి ఆయన చెప్పిందే తీర్పు. బంజారాహిల్స్ నుంచి, శ్రీనగర్ కాలనీ నుంచి పెద్దవాళ్ల కార్లు ఆ ఇరుకు సందులోకి వచ్చి నిలబడేవంటే ఆ చెవుల కోసమే.

తొంభైల మధ్యలో ఒక నిర్మాత గారు ఎర్రటి రెండు సీట్ల విదేశీ కారు కొన్నారు. కోస్తా మనిషి, కారంటే ప్రాణం. హీరో పరిచయం ఆ కారులోనే అని కథలో రాయించుకున్నారు. కారు చూడటానికి చిరుతలా ఉన్నా, ఎంత తొక్కినా శబ్దం మాత్రం ముక్కు మూసుకుని మాట్లాడుతున్నట్టు వచ్చేది. దర్శకుడు పెదవి విరిచారు. ఇంకో కారు శబ్దం అతికిస్తే నిర్మాత గారు ఒప్పుకోరు. ఆ కబురు విని సింగపూర్‌లో ఉన్న నిర్మాత గారి బావమరిది ఒక అట్టపెట్టె పంపించాడు. అందులో చేతి లావు అల్యూమినియం గొట్టం, గంట ఆకారంలో ఒక ఫిల్టరు, రెండు రబ్బరు తొడుగులు, వాటిని బిగించే స్టీలు పట్టీలు ఉన్నాయి.

ఉస్తాద్ వాటిని బెంచీ మీద పరిచి, టీ తాగుతూ నాకు పాఠం చెప్పారు. కంపెనీవాళ్లు ఇంజన్‌కు గాలి అందడానికి ఒక మూసిన డబ్బా పెడతారు. లోపల కాగితం ఫిల్టరు, మెలికలు తిరిగిన సన్నటి దారి. గాలి లోపలికి వెళ్లే చప్పుడు బయటికి రాకుండా ఆ డబ్బా మింగేస్తుంది. పైగా అది పీల్చేది ఇంజన్ పక్కనున్న వేడిగాలి. ఈ కొత్త గొట్టం నున్నగా, వెడల్పుగా ఉంటుంది. ఫిల్టరును కిందకి, బంపరు వెనకాలకు దించుతారు కాబట్టి బయటి చల్లగాలి అందుతుంది. చల్లగాలి చిక్కగా ఉంటుంది, ఇంజన్‌కు కాస్త బలం. "బలం ఎంత పెరుగుతదో నాకెర్క లేదు. గొంతు మాత్రం పెరుగుతది," అన్నారు.

గొట్టం బిగించిన రోజు మధ్యాహ్నం ఫిల్మ్‌నగర్ వెనకాల, రాళ్ల మధ్య కొత్తగా వేస్తున్న రోడ్డు మీదికి కారు తీసుకెళ్లాం. బంపరు కింద ఒక మైకు, సైలెన్సర్ దగ్గర ఒక మైకు కట్టాను. నిలబెట్టి ఉంచితే తేడా ఏమీ లేదు. యాక్సిలరేటర్ తొక్కగానే కారు ముందు వైపు నుంచి, లోపలెక్కడో లోతులోంచి, ఒక బొంగురు గర్జన లేచింది. వెనకాల సైలెన్సర్ మోత ఎప్పటిదే. ఇది వేరు. కారు గాలిని గుక్కలు గుక్కలుగా తాగుతోంది. కాలు తీస్తే ఒక నిట్టూర్పు, మళ్లీ తొక్కితే మళ్లీ గర్జన. ఉస్తాద్‌కేసి చూస్తే ఆయన కళ్లలో నీళ్లు ఉన్నాయి. దుమ్ము అన్నారు. నేనూ దుమ్మే అనుకున్నాను.

అరగంట తిప్పాక, ఇంజన్ బాగా వేడెక్కాక, ఆ గర్జన పైన సన్నటి ఈల లాంటిది ఒకటి నా హెడ్‌ఫోన్స్‌లో వినిపించింది. మైకుకు గాలి తగులుతోందనుకున్నాను. ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. శుభ్రమైన శబ్దం నా పిచ్చి. టేపులో చీమ నడిచినా సహించను. మర్నాడు థియేటర్‌లో కూర్చుని, మీటలు తిప్పి తిప్పి, ఆ ఈలను ఎక్కడికక్కడ కోసేసి, గర్జన ఒక్కటే మిగిలేలా ఇంకో టేపు తయారు చేశాను. మూడు గంటలు పట్టింది. పని పూర్తయ్యాక నన్ను నేనే మెచ్చుకున్నాను.

శనివారం ఉస్తాద్ థియేటర్‌కు వచ్చారు. కారు అప్పజెప్పే ముందు ఒక్కసారి నా పెట్టెలో వింటానన్నారు. అంతకు ముందు అలా ఎన్నడూ అడగలేదు. తుడిచిన టేపు ఎక్కించి హెడ్‌ఫోన్స్ ఇచ్చాను. శబ్దం పెంచమని వేలితో చూపించారు. పెంచాను. ఇంకా అన్నారు. ఇంకా పెంచాను. ఆయన చెవుల పక్కనుంచి బయటికి వస్తున్న మోతే నేను భరించలేకపోతున్నాను, ఆయన మాత్రం హాయిగా కళ్లు మూసుకుని వింటున్నారు. అప్పుడు తట్టింది. మాట్లాడేటప్పుడు ఎప్పుడూ నా పెదాల వైపే చూడటం, ఫోను మోగితే పక్కవాళ్లకు అందివ్వడం, వెనకనుంచి పిలిస్తే పలక్కపోవడం, ఇన్నాళ్లూ అన్నీ చూశాను. చెవులతో అన్నం తింటున్నవాణ్ని, ఒక్కటీ నాకు అర్థం కాలేదు.

ఆయన కళ్లు తెరిచి నా ముఖం చూసి గ్రహించేశారు. హెడ్‌ఫోన్స్ మెల్లగా తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"సన్నగున్నయ్ ఇనబడ్తలెవ్వు తమ్మీ. నాలుగేండ్లాయె. లావు సప్పుడు జర ఇనబడ్తది." టేపు సారు పోయి తమ్మి వచ్చింది ఆ రోజే. "గీ గొట్టం పెట్టినంక బండి నాకు మల్ల ఇనబడ్డది. మొన్న ఆడ రోడ్డు మీద... మస్తుగ ఇనబడ్డది."

నేను శబ్దం మీట తగ్గించాను.

"ఎవ్వలకు చెప్పకు. ఉస్తాద్‌కు చెవులు లేవంటే షెడ్డుకు ఎవడొస్తడు? ఇంకా చిన్నబిడ్డ పెండ్లి ఉన్నది."

చెప్పనని మాటిచ్చాను. అప్పుడాయన ఒక ప్రశ్న అడిగారు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్నే.

"ఏమన్న సన్న సప్పుడున్నదా తమ్మీ, బండిల? నీ చెవులతోని చెప్పు."

"ఏం లేదు ఉస్తాద్. శుభ్రంగా ఉంది," అన్నాను.

అబద్ధం చెప్పాలని కాదు. ఈల అనేది నా దృష్టిలో కారుది కానే కాదు, టేపుకు అంటిన మురికి. దాన్ని తుడిచేశాను, అయిపోయింది. అసలు టేపు పెట్టి ఉంటే, అంత మోతలో ఆయనకే వినిపించి ఉండేది. అది పక్కనే డబ్బాలో ఉంది.

సోమవారం జూబ్లీహిల్స్ ఎత్తు మీద షూటింగ్. కారు ఏటవాలు ఎక్కి వచ్చి హీరోయిన్ ముందు ఆగాలి, ఇంజన్ మోగుతుండగానే హీరో ఆమెతో రెండు మాటలు మాట్లాడి మళ్లీ దూసుకుపోవాలి. కొబ్బరికాయ కొట్టారు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. కెమెరా ముందు ఆ కారు ఎలా వస్తుందో చూద్దామని నేనూ వెళ్లాను. రెండు రిహార్సల్స్ బాగానే జరిగాయి. అసలు టేక్‌లో కారు గర్జిస్తూ ఎత్తెక్కింది. ఆ గర్జన పైన, సన్నగా, స్పష్టంగా, నేను శుక్రవారం మూడు గంటలు కూర్చుని కోసేసిన ఈల! ఇక్కడ మైకూ లేదు, టేపూ లేదు. కారు హీరోయిన్ ముందు ఆగింది. రెండుసార్లు వణికి ఇంజన్ ఆగిపోయింది.

మళ్లీ స్టార్ట్ చేస్తే మళ్లీ ఆగింది. మూడోసారీ అంతే. జనం నవ్వారు. హీరో దిగి గొడుగు కిందికి వెళ్లిపోయాడు. బానెట్ ఎత్తితే, వేడికి రబ్బరు తొడుగు మెత్తబడి, దాని మీది పట్టీ వదులై కనిపించింది. ఆ సందులోంచి దొంగగాలి చొరబడుతోంది. లెక్క తప్పిన గాలితో ఇంజన్ నిలబడలేకపోతోంది. వదులు సందులోంచి గాలి దూరితే వచ్చేదే ఆ ఈల.

నిర్మాత గారు చెడ్డమనిషి కాదు. కానీ ఆ రోజు నలుగురిలో పరువు పోయిందన్న మంట మీద ఉన్నారు. "చెవితో రోగం కనిపెడతాడని నీకు పేరయ్యా! ఏమైంది ఆ చెవి? ఇంత ఈల వేస్తుంటే వినపడలేదా నీకు?" అని అందరి ముందూ అరిచారు.

నేను ముందుకు అడుగేశాను. ఈల నాకు వినిపించిందండీ, నేనే తుడిచేశాను అని చెప్పబోయాను. ఉస్తాద్ నాకేసి చూసి, ఎవరికీ తెలియకుండా తల అడ్డంగా ఊపారు. నేను ఆ మాట అంటే, టేపు విని కారు అప్పజెప్పడమేంటి అన్న ప్రశ్న వస్తుంది. దాని వెనకే ఆయన దాచుకున్నదంతా బయటికొస్తుంది.

"నా తప్పే సార్. పట్టీ బిగించుడు మర్శిన," అన్నారు ఆయన. భుజం మీది ఎర్రగుడ్డతో వేడి గొట్టం పట్టుకుని, అదే కర్ర పిడి స్క్రూడ్రైవర్‌తో రెండు నిమిషాల్లో బిగించేశారు. షాట్ ఓకే అయింది. ఈల లేదు. ఆ సినిమాలో ఆ కారు వచ్చినప్పుడల్లా జనం ఈలలు వేశారు, శబ్దం ఎవరిదని నన్ను చాలామంది అడిగారు కూడా. సినిమా బండ్లు మాత్రం ఆ తర్వాత ఇంకో షెడ్డుకు వెళ్లడం మొదలైంది. ఉస్తాద్ పని పలచబడింది, పట్టీ బిగించడం మర్చిపోయాడు, వయసైపోయింది అన్నారు.

నాలుగు రోజులు ముఖం చెల్లక తిరిగి, ఐదో రోజు షెడ్డుకు వెళ్లాను. పోలీసు డ్రెస్సులు లేచి వెళ్లేదాకా ఆగి, ఈల సంగతి మొత్తం చెప్పాను. ఆయన నా పెదాల వైపు చూస్తూ ఒక్క మాట వదలకుండా విన్నారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది.

"నువ్వు సాఫ్ జేసినవ్. నీ పని గదే కద," అన్నారు. చేతులు తుడుచుకుంటూ, "తమ్మీ, సప్పుడుల కచరా ఉండదు. ఏ సప్పుడైనా ఎవలో ఒకలు పిలుస్తున్నట్టే. తుడిచే ముందు, ఎవలు పిలుస్తుండ్రో జర అడుగు," అన్నారు.

"అందరికీ నిజం చెప్పేస్తానండీ. మీ తప్పు కాదని..."

"ఊకో. మర్శిపోయిండు అంటే రేపు మల్ల వస్తరు. చెవులు పోయినయంటే ఎవ్వడూ రాడు. నేను ఉన్నన్ని దినాలు చెప్పకు."

ఆ తర్వాత మా ఇద్దరికీ ఒక పద్ధతి కుదిరింది. వారానికి రెండు మూడు రోజులు పొద్దున థియేటర్‌కు వెళ్తూ షెడ్డు దగ్గర ఆగేవాణ్ని. చూసేవాళ్లకు టీ కోసం వచ్చినట్టే. ఆయన ఇంజన్ స్టార్ట్ చేయించి మడ్‌గార్డ్ మీద అరచెయ్యి ఆనించేవారు. నేను పక్కన నా చెయ్యి పెట్టి, నాకు వినిపించే సన్నటి చప్పుడు ఎలా కొట్టుకుంటోందో అలా వేలితో తట్టేవాణ్ని. టకటకమంటే టకటకా. ఆగి ఆగి వస్తే ఆగి ఆగి. ఈల అయితే గోటితో గీసేవాణ్ని. లావు శబ్దం ఆయన అరచేతికే తెలిసేది, సన్నది నా వేలు చెప్పేది. తర్వాత ఆయన స్క్రూడ్రైవర్ చెవి వెనక పెట్టుకుని, కళ్లు మూసుకుని, యజమానికి తీర్పు చెప్పేవారు. యజమాని తల ఊపేవాడు. ఉస్తాద్ నాకేసి చూసి ఒక కన్ను కొట్టేవారు.

ఒకసారి నేను తట్టింది తప్పని కొట్టిపారేశారు. "నీకు జలుబున్నది, నీ చెవులు సర్వీసింగుకు ఇయ్యి," అన్నారు. నాకు నిజంగానే జలుబు. అలా నాలుగేళ్లు నడిచింది. సినిమా బండ్లు అన్నీ కాకపోయినా కొన్ని తిరిగొచ్చాయి. చిన్నకూతురి పెళ్లయింది. పెళ్లిలో బాజాభజంత్రీల పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. డోలు దెబ్బ పడ్డప్పుడల్లా ముఖం వెలిగేది. సన్నాయి వంతు వచ్చినప్పుడు నావైపు చెయ్యి చాపారు. నాకు సంగీతం అంతంత మాత్రమే. అయినా వచ్చినంతలో ఆ అరచేతి మీద తట్టాను.

పదకొండో రోజు కార్యం అయ్యాక, ఆయన భార్యను పక్కకు పిలిచి అడిగాను, ఇప్పుడైనా చెప్పొచ్చా అని. ఆవిడకు అన్నీ తెలుసు. "చెప్పు తమ్మీ. ఇంక ఆయన షెడ్డుకేం ఫికర్?" అంది. అందుకే రాస్తున్నాను. ఆ ఎత్తు మీద ఆ రోజు నవ్విన వాళ్లలో ఎవరైనా ఇది చదివితే తెలుసుకోండి. ఆయన దేన్నీ మర్చిపోలేదు. చల్లటి ఇంజన్ మీద ఆ పట్టీని ఎంత బిగించాలో అంతా బిగించారు. వేడెక్కాక అది పిలిచింది. పిలుపు వినగలిగినవాణ్ని నేనొక్కణ్నే, ఆయన అడిగినా కూడా లేదన్నాను.

ఈమధ్య మా థియేటర్‌కు కంప్యూటర్ వచ్చింది. నేను మూడు గంటలు తంటాలు పడ్డ పని అది మూడు నిమిషాల్లో చేస్తుందట. నేర్చుకుంటున్న కుర్రాళ్లు ఊరికే అన్నీ తుడిచేస్తుంటారు. ఎవరు పిలుస్తున్నారో అడగండ్రా అంటే, ముసలాయన చాదస్తం అని నవ్వుకుంటారు.

నిన్న మధ్యాహ్నం థియేటర్ ఖాళీగా ఉంది. బీరువా అడుగు నుంచి అసలు టేపు తీశాను, కొయ్యనిది. ఎక్కించి, శబ్దం ఆయన పెంచమన్నంత పెంచాను. ఎర్రకారు గుక్కలు గుక్కలుగా గాలి తాగుతూ ఫిల్మ్‌నగర్ రాళ్ల మధ్య తిరిగింది. గది నేల అదిరింది. అరగంట దాటాక గర్జన పైన సన్నగా ఈల లేచింది. నేను అనుకోలేదు, నా చెయ్యి దానంతట అదే బల్ల మీద పక్కకు జరిగి, అక్కడ ఆయన అరచెయ్యి ఉందనుకుని, గోటితో గీయడం మొదలుపెట్టింది.